ఫోకి పోదాం

2000లో శాన్ హోసేలో మా మొదటి అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్ళం. రెండు బెడ్రూములు, ఒక కుక్కరు, ఒక పాత కారు. కారు మా గుంటూరు అన్నది కాబట్టి వీకెండ్‌లో ఎటు వెళ్ళాలో ఆయన ఇష్టం. ఓ శుక్రవారం సాయంత్రం తాళాలు ఊపుకుంటూ వచ్చి "ఫోకి పోదాం పదండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"ఫోకి."

"పొమ్మంటున్నావా, రమ్మంటున్నావా అన్నా?" అని కర్నూలు తమ్ముడు నిజంగానే అడిగాడు.

ఆ రోజు సన్నగా వాన. స్టోరీ రోడ్డు దగ్గర ఒక కాంప్లెక్స్‌లో ఆపాడు. ఒక పక్క నెయిల్ సెలూన్, ఇంకో పక్క నగల కొట్టు, మధ్యలో ఇరుకు గుమ్మం. తలుపు తీయగానే కళ్ళజోడు మీద ఆవిరి కమ్మేసింది. ఏమీ కనపడక ముందే ముక్కుకి తెలిసింది: దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు, మాడ్చిన ఉల్లిపాయ. "బిరియానీ!" అన్నాం ముగ్గురం ఒకేసారి. బిరియానీ కాదు. అదే మసాలాని ఎముకలతో కలిపి రాత్రంతా మరిగించి, వడకట్టి, రసంలా తేటగా తీస్తారు. అందులో బియ్యపు నూడుల్స్. అదే ఫో. వియత్నాంలో పొద్దున్నే టిఫిన్ అదేనట. మనం ఇడ్లీ తినే టైముకి.

మెనూ చూస్తే తల తిరిగింది. ఇంగ్లీషు అక్షరాలే, కానీ ఒక్కోదాని నెత్తిన ఒక కొమ్ము, ఒక తోక, కింద ఒక చుక్క. మన గుణింతాలన్నీ తెచ్చి వాటి మీద పడేసినట్టుంది. అందుకే అందరూ నంబరు చెప్పి ఆర్డర్ ఇస్తారు. గుంటూరు అన్న ఒక్కడే బీఫ్ తింటాడు, ఆయనకి దిగుల్లేదు. నాకు చికెన్‌ది. చికెన్ నీళ్ళు వేరే గిన్నెలో కాగుతాయని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాకే చెప్పాను. కర్నూలు తమ్ముడికి హలాల్ కావాలి కనుక రొయ్యలతో సరిపెట్టుకున్నాడు. నాలుగో వాడు బెజవాడ పంతులుగారబ్బాయి, కోడిగుడ్డు కూడా ముట్టడు. వాడికి టోఫూ వేసి బియ్యపు కాగితంలో చుట్టిన రోల్స్ వచ్చాయి. పక్కన చిన్న గిన్నెలో తీపి, పులుపు, కారం కలిసిన తేటనీళ్ళు. "నిమ్మకాయ పానకంలా భలే ఉందిరా" అని గిన్నె ఎత్తి తాగేశాడు కూడా. అందులో చేప సాస్ ఉంటుందని మాకు తెలిసేసరికి మూడు శుక్రవారాలు గడిచాయి. ఆ రాత్రి వాడు పదకొండింటికి తలస్నానం చేసి, మా ముగ్గురితో రెండు రోజులు మాట్లాడలేదు.

నా గిన్నె వచ్చింది. చిన్నపిల్లకి నీళ్ళు పోయొచ్చు, అంత గిన్నె. పక్కన ఒక పళ్ళెం నిండా పచ్చి పెసర మొలకలు, ముదురాకుపచ్చ తులసిలాంటి ఆకు, నిమ్మచెక్క, పచ్చిమిరప చక్రాలు. టేబుల్ మీద నల్లటి తియ్యటి సాస్ ఒకటి, కోడిపుంజు బొమ్మ ఉన్న ఎర్రటి సీసా ఒకటి. పుంజు బొమ్మ కనపడ్డాక గోదావరి వాడు ఆగుతాడా? రెండు సీసాలూ ఎత్తి సూప్‌లో పిండబోయాను. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. యాభై అయిదేళ్ళుంటాయి ఆయనకి. తెల్ల బనీను మీద ఏప్రన్. ఏమీ అనకుండా చెంచా నా చేతిలో పెట్టి, ముందు అలాగే తాగమని సైగ చేశాడు. తాగాను. తర్వాత చిన్న పింగాణీ పళ్ళెం తెచ్చి, రెండు సాసులూ అందులో పక్కపక్కన పిండి, ముక్కని మాత్రం అందులో ముంచుకోమని చూపించాడు. రాత్రంతా కాచినదాన్ని నేను రెండు సెకన్లలో పాడుచేయబోయానని అర్థమై సిగ్గేసింది.

ఆ పుంజు సీసా సంగతి తర్వాత ఆయనే చెప్పాడు. డేవిడ్ ట్రాన్ అనే ఆయన వియత్నాం నుంచి హుయ్ ఫాంగ్ అనే సరుకు ఓడలో బయటపడి, 1980లో లాస్ ఏంజిలిస్‌లో ఆ సాస్ తయారీ మొదలుపెట్టి, కంపెనీకి ఆ ఓడ పేరే పెట్టుకున్నాడట. ఆయన పుట్టింది వాళ్ళ పంచాంగంలో కోడిపుంజు ఏడాది, అందుకని ఆ బొమ్మ. మా ఇంట్లో ఆ సీసా ఉప్మా మీదికి, పెరుగన్నం మీదికి, చివరికి మాగీ మీదికి కూడా వెళ్ళింది. ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ అయిపోయిన నెలల్లో మమ్మల్ని కాచింది అదే.

అలా ప్రతి శుక్రవారం అలవాటైంది. గిన్నె అయిదు డాలర్లలోపే. క్యాష్ మాత్రమే తీసుకునేవాళ్ళు. ఆయన వంటింట్లో, వాళ్ళావిడ గల్లాపెట్టె దగ్గర. మేం ఆవిణ్ణి "మేడమ్" అంటే మొహం చిట్లించేది. ఒకరోజు ఖాళీగా ఉన్నప్పుడు మా టేబుల్ దగ్గర కూర్చుని, మీ నాన్న వయసెంత, అని నన్ను అడిగింది. ఎందుకా అనుకున్నాను. వాళ్ళలో నువ్వు, నేను అనే మాటలు అంత తేలిగ్గా వాడరట. అందరికీ వరసలే. నాన్నకి అన్న వయసువాడైతే బాక్, తమ్ముడి వయసువాడైతే చూ. నాన్న చెల్లెలి వరసైతే కో. అమెరికా వచ్చాక పెదనాన్న, బాబాయి, మావయ్య, పెద్ద మావయ్య అందరూ "అంకుల్" అనే ఒక్క మాటలో కలిసిపోయిన నాకు, పెదనాన్ననీ బాబాయినీ వేరు చేసే భాష ఇంకోటి ఉందని అప్పుడే తెలిసింది. మా నాన్న ఆయనకంటే రెండేళ్ళు పెద్ద. కాబట్టి ఆయన చూ, ఆవిడ కో. గోదావరి బుర్రకి వెంటనే సందేహం వచ్చింది: మేనత్త మొగుడు బాబాయి ఎలా అవుతాడు? మావయ్య కదా కావాలి? ఆవిడకి ఇది వివరించడానికి పేపర్ నాప్‌కిన్ మీద వంశవృక్షం గీశాను. ఆవిడ నవ్వి, బయటివాళ్ళని పిలిచేటప్పుడు అంత లెక్క చూడంలే అన్నట్టు చెయ్యి ఊపింది.

"ఫో" అనడం కూడా ఆవిడే దిద్దింది. ఫో కాదట. "ఫ" అని మొదలుపెట్టి, కిందికి దించి, ప్రశ్న అడిగినట్టు పైకి లేపాలి. మేం నలుగురం టేబుల్ చుట్టూ కూర్చుని "ఫ...అ?" "ఫ...అ?" అని ప్రాక్టీస్ చేస్తుంటే పక్క టేబుల్ పిల్లలు తినడం మానేసి చూశారు.

ఆ కొట్టు పేరులో ఒక అంకె ఉండేది. వీధి నంబరేమో అనుకున్నాను చాలా రోజులు. ఆ చుట్టుపక్కల ఇలాంటి హోటళ్ళు చాలావాటికి పేరులో అంకెలే. చూ చెప్పాడు, చాలావరకు అవి సంవత్సరాలని. 54 ఉంటే దేశం రెండు ముక్కలైన ఏడాది. 75 ఉంటే సైగాన్ పడిపోయిన ఏడాది. ఆయన రెండూ చూశాడు. పుట్టింది ఉత్తరాన నామ్‌దిన్‌లో, ఫో పుట్టినిల్లు అదేనని ఆయన వాదన. 1954లో జెనీవా ఒప్పందం తర్వాత లక్షల మంది ఉత్తరం నుంచి దక్షిణానికి కదిలారు. ఆయనకి అప్పుడు తొమ్మిదేళ్ళు. హైఫాంగ్ రేవులో ఓడ కోసం కూర్చున్నప్పుడు తలపాగా కట్టుకున్న ఒక పొడుగాటి మనిషిని చూశాడట. "ఇండియన్," అని నా వైపు వేలు చూపించాడు. నేను నమ్మలేదు. తర్వాత లైబ్రరీలో చూస్తే నిజమే. ఒప్పందం అమలు చూడటానికి పెట్టిన అంతర్జాతీయ కమిషన్‌కి మన దేశమే అధ్యక్షత వహించింది, కెనడా, పోలండ్ సభ్యులు. మా పదో తరగతి సోషల్ పుస్తకంలో ఈ ముక్క చదివినట్టు నాకైతే గుర్తులేదు.

1975 తర్వాత ఆయన కథ ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. "పడవ" అనేవాడు, ఆగిపోయేవాడు. మేమూ అడగలేదు. శాన్ హోసే చేరాక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో సర్క్యూట్ బోర్డులకి సోల్డరింగ్ చేశాడు, చాలామంది వియత్నాం వాళ్ళలాగే. సిలికాన్ వ్యాలీ అంటే మన వాళ్ళకి సాఫ్ట్‌వేర్. మనకంటే ముందు ఆ బోర్డులు అతికించిన చేతుల్లో చాలా చేతులు వాళ్ళవి. వియత్నాం బయట ఏ ఒక్క నగరంలోనూ ఇంతమంది వియత్నాం వాళ్ళు ఉండరని శాన్ హోసేకి పేరు, లక్ష మందికి పైనే.

కో మాత్రం దక్షిణాది మనిషి. మెకాంగ్ డెల్టాలో కాంథో. ఆ ఊరి గురించి ఆవిడ చెబుతుంటే మా కోనసీమ గురించి చెబుతున్నట్టే ఉండేది: కాలవలు, కొబ్బరి చెట్లు, వరి, పడవ మీద కూరగాయలు. మొగుడూ పెళ్ళాల మధ్య రోజూ ఒకటే తగాదా. ఆయన లెక్కలో ఫో అంటే నీళ్ళు, నూడుల్స్, మాంసం, ఉల్లికాడలు, అంతే. మొలకలు, తులసాకు, తియ్య సాస్ అన్నీ దక్షిణాది వాళ్ళు తర్వాత తగిలించిన హంగులు. ఆవిడ ఆ పళ్ళెం తెచ్చి టేబుల్ మీద పెట్టినప్పుడల్లా ఆయన వంటింటి కిటికీలోంచి ఒక చూపు చూసేవాడు. దక్షిణాది వాళ్ళు అన్నిట్లో పంచదార వేస్తారని ఆయన ఫిర్యాదు. గోదావరి వాళ్ళు పులుసులో బెల్లం వేస్తారని మా కర్నూలు తమ్ముడు నన్ను సాధించేవాడు. వాడూ చూ ఒక పార్టీ, నేనూ కో ఒక పార్టీ.

ఆ పార్టీ ఏర్పడింది ఒక పులుసు దగ్గర. మెనూలో చివరి పేజీలో, బయటివాళ్ళెవరూ అడగని భాగంలో ఉండేది. కాన్ చువా. చువా అంటే పులుపని కో చెప్పింది. చేప ముక్కలు, టమాటా, బెండకాయ, అనాసపండు, చేమ కాడలాంటి బోలు కాడలు. పైన వేయించిన వెల్లుల్లి. చెంచా నోట్లో పెట్టుకుంటే చింతపండు. నిమ్మరసం కాదు, వెనిగర్ కాదు, చింతపండే. వెనకనుంచి కాస్త తీపి. నీళ్ళగా ఉంది, అనాసపండు మా ఊళ్ళో ఎవరూ వెయ్యరు, కారం చాలదు. అయినా అన్నం తెప్పించుకుని, స్పూను పక్కన పెట్టి, చేత్తో కలుపుకుని తిన్నాను. అమెరికా వచ్చిన ఎనిమిది నెలల్లో హోటల్లో చేత్తో తినడం అదే మొదటిసారి. కో చూసింది, ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ఇంకో గిన్నె అన్నం తెచ్చిపెట్టింది.

కాఫీ గురించి చెప్పకపోతే పాపం. గ్లాసు అడుగున రెండు వేళ్ళ మందాన కండెన్స్‌డ్ మిల్క్, గ్లాసు మీద చిల్లుల రేకు డబ్బా, అందులోంచి చుక్క చుక్కగా నల్లటి డికాషన్. దిగడానికి అయిదారు నిమిషాలు. ఆ చుక్కలు చూస్తూ కూర్చుంటే మా తాతయ్య ఇత్తడి ఫిల్టర్ గుర్తొచ్చేది. రుచి కూడా ఎక్కడో తెలిసినట్టుండేది. ఒకరోజు గల్లా వెనక పసుపు రంగు రేకు డబ్బా చూసి చదివితే చికోరీ కలిపిన న్యూ ఆర్లీన్స్ కాఫీ, కేఫ్ దు మోండ్. శరణార్థులుగా వచ్చిన వియత్నాం వాళ్ళకి తమ ఊరి కాఫీకి దగ్గరగా అనిపించింది అదేనట. మన ఫిల్టర్ కాఫీలోనూ చికోరీయేగా. ఆవిడకి అది చెబితే, ఇండియాలో టీ కదా తాగేది అంది. గోదావరి జిల్లాలో కాఫీ లేకుండా పెళ్ళిచూపులు అవ్వవని ఇంగ్లీషులో చెప్పడం నా వల్ల కాలేదు.

2001లో డాట్‌కామ్ బుడగ పేలింది. నాకు వీసా ఇచ్చిన కన్సల్టెన్సీ జీతం ఆపేసి, "బెంచ్ మీద ఉన్నావు, ఓపిక పట్టు" అంది. నలుగురిలో ఇద్దరికి పని లేదు. శుక్రవారం మానలేదు కానీ నాలుగు గిన్నెల బదులు రెండు చెప్పేవాళ్ళం. ఆకలి లేదని ఒకరికొకరు అబద్ధాలు. రెండో వారం నుంచి ఆ రెండు గిన్నెలతోపాటు ఖాళీ గిన్నెలు రెండు వచ్చేవి, నూడుల్స్ మామూలుకంటే రెట్టింపు ఉండేవి. బిల్లు రెండింటికే. బెజవాడ వాడికి టోఫూ రోల్స్ పక్కన సోయాసాస్, గిన్నె మీద చిన్న కాగితం ముక్క, దాని మీద బాల్‌పెన్నుతో చేప బొమ్మ గీసి అడ్డంగా కొట్టేసి ఉండేది.

నాకు మళ్ళీ ఉద్యోగం దొరికి, పెళ్ళయి, ఇల్లు మారాక అమ్మ వచ్చింది, ఆరు నెలలకి. అప్పుడే కార్తీకమాసం. పౌర్ణమి రోజు పొద్దున్నుంచి ఉపవాసం. సాయంత్రం మూడువందల అరవై అయిదు వత్తులు ఆవునేతిలో నానబెట్టి, వంటగది గట్టు మీద మూకుట్లో పెట్టి వెలిగించింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో స్మోక్ అలారం మొదలైంది. హాల్లోది, బెడ్రూములోది, అన్నీ. నేను కుర్చీ ఎక్కి టవల్‌తో విసురుతున్నాను. మా ఆవిడ కిటికీలు తీస్తోంది. అమ్మ మాత్రం దీపం ముందు నుంచి కదలకుండా "ఆర్పావంటే ఊరుకోను" అంటోంది. పైవాటా తెల్లాయన తలుపు కొట్టాడు. మొత్తానికి మూకుడు బాల్కనీలోకి చేరింది, వత్తులు పూర్తిగా కాలాయి, పుణ్యం దక్కింది. స్టవ్ మీద పెట్టిన పప్పు మాత్రం ఆ గొడవలో అడుగంటి బొగ్గయింది.

"పోనీలే, పాలు తాగి పడుకుంటా" అంది అమ్మ. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళ మీద ఉన్న మనిషి. కారెక్కించాను.

కొట్టు ముందు పార్కింగ్‌లో దిగి, నగల కొట్టు బోర్డు పైనుంచి చంద్రుడు కనపడేదాకా ఆగి, దండం పెట్టుకుని లోపలికొచ్చింది. గుమ్మం పక్కన నేల మీద చిన్న ఎర్ర మందిరం, అందులో పొట్ట వేసుకుని నవ్వుతున్న భూదేవుడు ఓంగ్ దియా, ముందు అరటిపళ్ళు, అగరొత్తులు, ఒక కప్పు కాఫీ. "దేవుణ్ణి నేల మీద పెట్టుకున్నారేమిట్రా?" అని, వంగి ఆయనకీ ఒక దండం పెట్టింది.

నేను కోకి చెప్పడం మొదలుపెట్టాను: అమ్మకి ఈరోజు మాంసం కూడదు, చేప సాస్ కూడదు, ఉల్లి కూడదు, వెల్లుల్లి... ఆవిడ నన్ను ఆపేసి గోడ మీద క్యాలెండర్ చూపించింది. రోజుకో కాగితం చింపే రకం. "రామ్," అంది. రామ్ అంటే వాళ్ళ భాషలో పున్నమి. నెలకి రెండు రోజులు, చంద్రమానం మొదటి రోజూ పదిహేనో రోజూ, ఆవిడా మాంసం ముట్టదు. నిష్ఠగా ఉండేవాళ్ళు ఉల్లి వెల్లుల్లి కూడా తినరు. ఆ రెండు రోజులూ తన కోసం విడిగా వండుకుంటుంది. అమ్మ వైపు తిరిగి, "చాయ్, చాయ్" అంది. చాయ్ అంటే శాకాహారం.

"ఇంత రాత్రప్పుడు చాయ్ ఎందుకే తల్లీ, అన్నమేదైనా ఉంటే పెట్టు" అంది అమ్మ, అచ్చ తెలుగులో.

వంటింట్లోంచి సుయ్ మని శబ్దం. కాసేపటికి పళ్ళెం పట్టనంత పసుపుపచ్చటి అట్టు, సగానికి మడిచి. బాన్ సెయో. ఆ సెయో అనేది పెనం మీద పిండి పడ్డప్పటి చప్పుడేనట. బియ్యప్పిండి, కొబ్బరిపాలు, పసుపు. లోపల పెసరపప్పు, మొలకలు, పుట్టగొడుగులు. అంచులు కరకరలాడుతూ లేసులాగా ఉన్నాయి. కో అమ్మ పక్కనే కూర్చుని అట్టు తుంచి, ఆవాకులో పెట్టి, దాంతోపాటు రెండు తులసాకులు పెట్టి చుట్టబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"తులసి నమలకూడదమ్మా. మొన్ననే ద్వాదశికి పూజ చేశాం."

ఇది మన తులసి కాదమ్మా, వేరే రకం అన్నాను. వాసన చూసి, "నాకు తెలీదా?" అంది. పళ్ళెంలో ఉన్న తులసి రెమ్మలన్నీ ఏరి, టిష్యూ కాగితంలో పొట్లం కట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది. అది చూసి కో లోపలికెళ్ళి ఇంకో గుప్పెడు తెచ్చి ఇచ్చింది, బాగా నచ్చిందనుకుని.

అమ్మ రెండు అట్లు తింది. తిన్నాక అడిగింది: "అట్టు బాగుంది. పచ్చడేది?"

మరుసటి వారం పచ్చడి తనే తెచ్చింది. అల్లప్పచ్చడి, చిన్న సీసాలో. చూ వేలితో నాకి, కళ్ళు మూసుకుని, బెల్లం తగిలినట్టుంది, తెలుగులోకి మార్చుకుంటే "మళ్ళీ తీపే" అని అర్థం వచ్చే మాటేదో అన్నాడు. కో ఆ సీసా ఆయన చేతిలోంచి లాక్కుంది. ఆ తర్వాత అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్ళో నాకు అంతుపట్టలేదు. ఆవిడ వియత్నామీస్, ఈవిడ తెలుగు. మోకాళ్ళ నొప్పుల గురించని మాత్రం సైగల్ని బట్టి తెలిసేది.

అమ్మ తిరిగి వెళ్ళే వారం కో ఒక పొట్లం ఇచ్చింది. కాఫీ దింపే చిల్లుల డబ్బా, కొత్తది, మూతతో సహా.

కొట్టు 2016లో మూసేశారు. కూతురు ఫార్మసిస్టు, మనవలు పుట్టారు, చూ నడుం ఇక పెద్ద గిన్నెలు ఎత్తనివ్వలేదు. ఇప్పుడక్కడ బోబా టీ అమ్ముతున్నారు. ఫ్రీమాంట్ నుంచి నేను అటు వెళ్ళేది తక్కువే. బెజవాడ వాడు డల్లాస్‌లో ఉన్నాడు, ఇప్పటికీ ఏ సాస్ అయినా వాసన చూడందే ముట్టడు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళాను. తెల్లవారుజామున వాకిట్లో అమ్మ ముగ్గు పెడుతోంది. చుక్కలు, గీతలు చేత్తోనే వేసింది. రంగులు నింపేటప్పుడు మాత్రం పక్కనున్న రేకు డబ్బా తీసుకుని, పిండి పోసి, వేలితో టకటక కొడుతోంది. సన్నగా, సమంగా రాలుతోంది. చిల్లులు, పక్కన చెవి, అంచు దగ్గర చిన్న సొట్ట.

"కాఫీ దింపుకోమని ఇచ్చిందమ్మా అది."

"తెలుసులే. మీ నాన్నకి ఇత్తడి ఫిల్టరే కావాలి," అంది తలెత్తకుండా. "పసుపు రంగు ఇటివ్వు."